వియత్నాంలో కాన్ థో వెళ్తున్నాం, అక్కడ తప్ప ఇంకెక్కడా కుదరని భోజనం ఏది?

ఆకివీడు చెరువుగట్టు అడిగారు:

అందరికీ నమస్కారం అండి. మాది ఆకివీడు దగ్గర. వనామీ రొయ్యల చెరువులు, కాస్త వరి. దసరా దాటాక, దీపావళి లోపు, ఒక మేత కంపెనీ వాళ్ళు డీలర్లనీ కొంతమంది పెద్ద రైతుల్నీ వియత్నాం తీసుకెళ్తున్నారు. నేను పెద్ద రైతునేం కాదు గానీ డీలరు మా బావమరిది. అలా లిస్టులోకి ఎక్కాను. మా ఆవిడ టిక్కెట్టు మాత్రం సొంత డబ్బులే.

కార్యక్రమం కాగితం వాట్సాప్‌లో పెట్టారు. చూస్తే ప్రతి రాత్రీ "ఇండియన్ డిన్నర్" అనే ఉంది. థాయిలాండ్ తీసుకెళ్ళినప్పుడూ ఇదే వరస. సముద్రం ఒడ్డున కూచోబెట్టి పనీర్ బటర్ మసాలా, జీరా రైసు, గులాబ్ జామ్ పెట్టారు. పక్క బల్లమీద వాళ్ళు మండపీత తింటున్నారు, డెక్కలే అరచెయ్యంత ఉన్నాయి. మా బ్యాచంతా పనీరు తింటూ ఆ పీతనే చూస్తూ కూచున్నాం. ఈసారి అలా జరగనివ్వను.

అందుకని టూరు అయ్యాక మిగతావాళ్ళు హోచిమిన్ సిటీలో విమానం ఎక్కేస్తారు, మేమిద్దరం ఆగిపోతాం. మెకాంగ్ డెల్టాలో కాన్ థో అని ఉందిట, అక్కడికి వెళ్దామని. వాళ్ళ చెరువులు, కాలవలు చూడాలని నా కోరిక. పడవల మీద సంత చూడాలని మా ఆవిడ కోరిక. ఇద్దరికీ కలిసిన కోరిక భోజనం. పది రకాలు రుచి చూడక్కర్లేదు, ఒక్క పూట గట్టిగా గుర్తుండేది తింటే చాలు.

మా సంగతి చెప్తాను, దాన్నిబట్టి చెప్పండి. ఆవు, పంది ఇద్దరం ముట్టం. చేప అంటే మాత్రం అడ్డూ ఆపూ లేదు. ముల్లు భయం లేదు. వాసన భయం అసలు లేదు, మా ఇంట్లో ఎండు మెత్తళ్ళు వేయిస్తే వీధి చివరిదాకా తెలుస్తుంది. మా ఆవిడ శనివారం నీసు తినదు. మేం అక్కడుండేది శుక్రవారం నుంచి ఆదివారం దాకా, అదొక తిరకాసు. డబ్బుకి వెనకాడం, పులసల రోజుల్లో ఇంట్లో అయ్యే ఖర్చు చూస్తున్నవాళ్ళమే. అలాగని ఏసీ వేసి, అద్దంలోంచి నది చూపించి, నాలుగింతలు గుంజే చోటు వద్దు.

యూట్యూబులో వెతికితే పాము, తేలు, పొలంలో ఎలుక, పిల్ల కట్టిన బాతుగుడ్డు. అదేదో తింటే మొనగాడు అన్నట్టు చూపిస్తున్నారు. నాకు వింత వద్దండి, రుచి కావాలి. ఇంటికి చుట్టం వస్తే వాళ్ళు ఏం వండిపెడతారో అది కావాలి. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.


తణుకు తాతయ్య:

ఎవరేం చెప్పినా వినండి గానీ, ఒక స్టీలు డబ్బాలో ఆవకాయ, ఇంకోదాంట్లో కందిపొడి పెట్టుకోండి. చేతిసంచిలో కాదు, కింద వేసే పెట్టెలో. మూత చుట్టూ టేపు వేసి రెండు పాలిథిన్ సంచుల్లో కట్టాలి, లేకపోతే చీరలన్నీ నూనే. అన్నం ఆ దేశంలోనూ దొరుకుతుంది కాబట్టి ఇహ దిగుల్లేదు. మిగతాది కుర్రాళ్ళు చెప్తారు.


కోటిపల్లి బస్టాండు:

నేనైతే హనోయి వెళ్ళమంటాను. హోచిమిన్ సిటీ నుంచి విమానంలో రెండు గంటలు. చేప పిచ్చి ఉన్నవాళ్ళు వియత్నాం దాకా వెళ్ళి "చా కా" తినకుండా రావడం అన్యాయం.

పాత హనోయిలో ఒక వీధి పేరే చా కా. అంతకుముందు అది రంగులు అమ్మే వీధి. అక్కడ 1871 నుంచి ఒకే కుటుంబం ఒకే వంటకంతో హోటలు నడిపింది, చివరికి వీధికి ఆ వంటకం పేరే పెట్టేశారు. ఇప్పుడు ఊరినిండా అదే వండే హోటళ్ళు. లోపలికెళ్తే ఏం కావాలని అడగరు, ఎంతమంది అని అడుగుతారు.

బల్లమీద చిన్న పొయ్యి, దానిమీద మూకుడు పెడతారు. పసుపూ, దుంపరాష్ట్రం లాంటి ఒక దుంపా నూరి పట్టించి, ముందే నిప్పులమీద కాల్చిన చేప ముక్కలు ఆ నూనెలో చిటపటలాడుతుంటాయి. జెల్లల జాతి చేప, ముల్లు తక్కువ. అందులో ఉల్లికాడలు, డిల్ అని సోంపు మొక్కలా సన్నటి ఆకు, గుప్పెళ్ళతో వేస్తారు. అర నిమిషంలో మగ్గిపోతుంది, ఇంకో గుప్పెడు వేస్తారు. సన్నటి బియ్యపు సేమియా, వేయించిన వేరుశెనగ్గుళ్ళు, పైన ఆ నూనె. నంచుకోడానికి మామ్ తోమ్ అని రొయ్యపొట్టుని ఊరబెట్టిన ఊదారంగు ముద్ద. నిమ్మరసం పిండి, పంచదార వేసి గిలక్కొడితే నురగ వస్తుంది. వాసనకి పక్కవాళ్ళు లేచిపోతారు, ఎండు మెత్తళ్ళ ఇల్లు కాబట్టి మీకు అడ్డు రాదు.

కాన్ థోలో ఇలా ఒక్క పేరు చెప్పమంటే నేను చెప్పలేను. అందుకే హనోయి అంటున్నా.


రాజోలు లంకోడు:

చెరువుగట్టు గారూ, హనోయి వెళ్ళకండి. చా కా బాగుండదని కాదు, బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అది ఏడాది పొడుగునా ఉంటుంది, ఎప్పుడు వెళ్ళినా అంతే ఉంటుంది. మీరు కాన్ థోకి వెళ్తున్న రోజుల్లో అక్కడ పళ్ళెంలోకి వచ్చేది సంక్రాంతికి వెళ్తే ఉండదు.

మాది రాజోలు దగ్గర లంక. హేచరీ సామాను పనిమీద బాక్ లియూ, కా మావ్ వైపు రొయ్యల చెరువుల మధ్య తిరుగుతుంటాను. ఉండడం కాన్ థోలోనే. కాబట్టి ఇది యూట్యూబు సమాచారం కాదు.

ముందు ఒక మాట. హైదరాబాదు నుంచి ఎవరో మీకు ఫోన్ చేసి "పులస తినాలి, మంచి హోటలు పేరు చెప్పండి" అన్నారనుకోండి. మీరేమంటారు? "ఎప్పుడొస్తున్నారు?" అంటారు. సంక్రాంతికి అంటే "అప్పుడు పులస ఎక్కడిదండీ, ఎవడన్నా పెడితే అది ఐసులో వచ్చిన సముద్రపు విలస" అంటారు. ఎర్రనీళ్ళు వచ్చాక అంటే అప్పుడు కూడా హోటలు పేరు చెప్పరు. "సిద్ధాంతం రేవులో మనవాడు ఒకడున్నాడు, వలలో పడితే చెప్తాడు, పట్టుకుని ఇంటికి రండి, మా అమ్మ చేత వండిస్తాను" అంటారు. ఇక్కడా అంతే. హోటలు ఏది అని మొదలెడితే హోటలే దొరుకుతుంది. నీళ్ళు ఎలా ఉన్నాయి, వలలో ఏం పడుతోంది అని మొదలెట్టాలి.

మీరు వచ్చేది మెకాంగ్ వరద రోజుల్లో. మన గోదారిలా వారంలో వచ్చి వారంలో తీసే వరద కాదిది. కంబోడియా వైపు నుంచి మెల్లగా పొంగి చేలన్నీ ముంచి, నెలల తరబడి నిలబడుతుంది. ఎవరూ ఏడవరు, వరద తక్కువొస్తేనే ఏడుస్తారు. ఒండ్రు ఒకటి, చేప రెండోది. ఆ నీళ్ళతోపాటు "కా లిన్" అని చిన్న చేప పై నుంచి చేలల్లోకి దిగుతుంది. మన పులస ఏటికి ఎదురెక్కి వస్తే ఇది ఏటివాలుకి కొట్టుకొస్తుంది, తేడా అంతే. ఇక్కడివాళ్ళు దానికోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. ఎగువన ఆనకట్టలు కట్టాక వరదా తగ్గింది, చేపా తగ్గింది. ఈ కథ ధవళేశ్వరం కింద ఉన్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు.

కా లిన్ వేలెడంత ఉంటుంది. పొట్ట నొక్కి లోపలిది తీసేసి, తలతో సహా వేస్తారు. సీజను మొదట్లో ముల్లు నోట్లో కరిగిపోతుంది, మీరొచ్చేసరికి కాస్త ముదురుతుంది. మీకది లెక్కలోది కాదు. బల్లమీద పొయ్యి, పొయ్యిమీద చింతపండు పులుసు మరుగుతూ ఉంటుంది. పక్కన వెదురు చిబ్బెలో పసుపుపచ్చ పువ్వులు కుప్పగా పోసి ఇస్తారు. ఆ పువ్వు పేరు దియెన్ దియెన్. చూడగానే మీరు గుర్తుపడతారు, మనం పచ్చిరొట్టకి చల్లి దమ్ములో కలియదున్నేసే జీలుగకి సొంత చెల్లెలు. ఇక్కడ కాలవగట్ల మీద అదే మొలుస్తుంది, నీళ్ళు వచ్చిన రోజుల్లోనే విరగబూస్తుంది. చేపలు పులుసులో వదిలి, అవి తెల్లబడగానే ఒక గుప్పెడు పువ్వులు ముంచి తీసెయ్యాలి. ఉడకనిస్తే పోయింది. కసుక్కుమని ఉండాలి, చివర్న కొంచెం చేదు తగలాలి. చేపలో కొవ్వు, పులుపు, ఆ చేదు కలిసినప్పుడు మాటలు ఆగిపోతాయి.

పులుసు మన నాలుకకి తియ్యగా ఉంటుంది, ముందే చెప్తున్నా. దక్షిణ వియత్నాం వాళ్ళు అన్నింట్లో పంచదార వేస్తారు, కొబ్బరినీళ్ళు పోస్తారు. కంగారుపడకండి. చిన్న గిన్నెలో నూక్ మామ్, అంటే చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం, అందులో పచ్చిమిరపకాయలు తరిగి ఇస్తారు. ఇంకో నాలుగు మిరపకాయలు అడిగి వేసుకోండి. చేప అందులో ముంచుకుని తినాలి, పులుసులో ఉప్పు చూసి పెదవి విరవకూడదు.

కా లిన్ దొరకని రోజున కాన్ చువా ఉంటుంది, అది ఏడాదంతా ఉండే పులుసు. చింతపండు, టమాటా, బెండకాయ, అనాస ముక్కలు, చేమ కాడలాంటి స్పాంజి కాడ, పైన మొలకలు. పులస పులుసులో బెండకాయ వేసేవాళ్ళం మనం, కాబట్టి ఆ గిన్నెలో బెండకాయ కనపడగానే సగం పరాయితనం పోతుంది. అనాస మాత్రం నాకింకా అలవాటవలేదు. పక్కకి తీసి పెడతాను.

రెండోది కా లోక్ నూంగ్ ట్రుయ్. గడ్డిమంటలో కాల్చిన కొరమీను. దీనికి కాన్ థో ఊళ్ళో తిరగొద్దు. బిన్ థుయ్ వైపు నదిలో కోన్ సోన్ అని లంక ఉంది. రేవులో పడవెక్కితే కాసేపట్లో అవతల. లంకలో ఇళ్ళవాళ్ళందరూ ఒక కట్టుమీద ఉండి వచ్చినవాళ్ళకి వంట చేస్తారు. ఒక ఇంట్లో చేప, ఒక ఇంట్లో పిండివంట, ఒక ఇంట్లో పళ్ళు. భోజనం వేళకి అందరూ తలో గిన్నె పట్టుకుని ఒక చూరు కిందికి వస్తారు. చుట్టం వస్తే ఏం పెడతారో అది కావాలన్నారు కదా, అది ఇదే. కాకపోతే చెప్పకుండా వెళ్తే ఉత్త చేతులతో రావాలి, ముందురోజే చెప్పించుకోవాలి. మీరు దిగిన చోట గెస్ట్‌హౌస్ వాళ్ళే ఫోన్ చేసి పెడతారు.

పంది సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి. ముక్క కనపడకపోయినా పులుసులో ఉంటుంది, ఎముకలు ఉడకేసిన నీళ్ళే పోస్తారు చాలాచోట్ల. కాయ్ రాంగ్ పడవల సంతలో పొద్దున్నే పడవలో వేడివేడిగా హూ తియూ అని సేమియా పులుసు అమ్ముతారు, అందరూ ఎగబడి తింటారు, అది పంది ఎముకలదే. లావ్ మామ్ అని ఊరిన చేపతో చేసే కుంపటి పులుసు ఇంకొకటి, కాన్ థో పేరు చెప్తే అందరూ దాన్నే చెప్తారు. మీ ముక్కుకి నచ్చుతుంది కూడా. కానీ అందులో పంది కొవ్వుముక్క పడకుండా వండేవాణ్ణి నేను చూడలేదు, వదిలెయ్యండి. "హెయో" అంటే పంది, "బో" అంటే గొడ్డుమాంసం. ఈ రెండూ వద్దని ఫోన్లో అనువాదం చేసి, పెద్ద అక్షరాలతో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఎముకల నీళ్ళు కూడా వద్దని ఆ వాక్యంలోనే చేర్చండి, లేకపోతే ముక్కలు ఏరేసి పులుసు పోస్తారు.

కాయ్ రాంగ్‌కి అయిదింటికల్లా పడవెక్కాలి, ఎండెక్కితే ఏమీ ఉండదు. ఇదివరకటంత సంత కూడా కాదు, రోడ్లూ వంతెనలూ పడ్డాక సరుకంతా లారీలెక్కింది. ఏ పడవలో ఏం అమ్ముతారో నిలువు గెడకి కట్టి చూపిస్తారు, గుమ్మడికాయలైతే గుమ్మడికాయ, క్యాబేజీ అయితే క్యాబేజీ. మా ఆవిడ అనాస పడవ దగ్గరే ఆగిపోయింది, కాడ పట్టుకుని తినేలా చెక్కి ఇస్తారు. మీరూ ఆ అనాస, ఒక కాఫీతో సరిపెట్టుకోండి.


అమలాపురం శాకాహారి:

శనివారం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. మా ఇంటిల్లిపాదీ శాకాహారులం, వియత్నాంలో పస్తులుంటామనుకునే వెళ్ళాం. ఎక్కడికక్కడ "చై" అని బోర్డు ఉన్న హోటళ్ళు. బౌద్ధుల తిండి. వాళ్ళ చాంద్రమాన నెల మొదటి రోజుకీ, పున్నానికీ చాలామంది ఇళ్ళల్లో నీసు మానేస్తారు, ఆ రోజుల్లో ఈ హోటళ్ళు కిటకిటలాడతాయి. శనివారం మీ ఆవిడని నిశ్చింతగా అక్కడికి తీసుకెళ్ళండి.

ఒక చిన్న చిక్కు. పళ్ళెంలో చేప, కోడి, రొయ్య కనపడతాయి. అంతా సోయా, పుట్టగొడుగు, గోధుమ జిగురుతో చేసినవే. రొయ్యకి ఎర్రచారలు కూడా గీస్తారు. మా అత్తగారు ఆ రొయ్యని చూసి బల్లమీంచి లేచిపోయారు, ఎంత చెప్పినా నమ్మలేదు. మామూలు హోటల్లో "కూరగాయలు" అని అడిగితే మాత్రం లాభం లేదు, తోటకూర వేపుడులో కూడా చేపరసం చిలకరిస్తారు. బోర్డుమీద చై అని ఉంటేనే లోపలికి వెళ్ళాలి. ఉల్లి వెల్లుల్లి కూడా వాడని హోటళ్ళు ఉన్నాయి, అడిగితే చెప్తారు.


ఆకివీడు చెరువుగట్టు:

అందరికీ పేరుపేరునా దండాలు. తాతయ్య గారూ, ఆవకాయ డబ్బా మా అమ్మ అప్పుడే కట్టేసింది, మీరు చెప్పేదాకా ఆగలేదు.

లంకోడు గారూ, కా లిన్ మాట విన్నాక మా ఆవిడ రోజూ అదే అడుగుతోంది. కానీ కొరమీను దగ్గర నాకు మనసొప్పలేదు. అది మాకు చేపా? రొయ్యల చెరువులో ఒక్కటి దూరితే పిల్లలన్నీ దాని పొట్టలోకే. కాలవనీళ్ళు పెట్టేటప్పుడు తూముకి రెండు వలలు కట్టేది దాన్ని ఆపడానికే. బయట కొందామన్నా మా సంతలో బతికున్నవి తొట్టెల్లో ఈదుతుంటాయి. విమానమెక్కి వెళ్ళి కొరమీను తిని వచ్చానంటే ఊళ్ళో నన్నేమంటారు? అదీగాక పొలుసు తియ్యకుండా కాలుస్తారని ఎక్కడో చదివాను. నిజమేనా?


రాజోలు లంకోడు:

నిజమే. పొలుసు తియ్యరు, పొట్ట కొయ్యరు. అందులోనే ఉంది కిటుకంతా.

జాతి కూడా మన కొరమీనే, ఇసుమంత తేడా లేదు. అందుకే తినమంటున్నాను. కొత్త చేప తింటే బాగుందో లేదో మీకెలా తెలుస్తుంది? పోల్చుకోడానికేం ఉండదు. కొరమీను రుచి మీకు నాలిక చివర ఉంది. దాన్ని పులుసులోనూ వేపుడులోనూ తప్ప ఎరగం మనం. ఇంకొకడి చేతిలో అదే చేప ఏమైందో చూడాలంటే ఆ తేడా పట్టేవాడే తినాలి, మీకంటే బాగా ఎవరు పడతారు?

ఎలా చేస్తారో చెప్తాను. కడిగిన చేప నోట్లోంచి తోకదాకా ఒక పచ్చి వెదురుపుల్ల దూరుస్తారు. తల కిందికి, తోక పైకి వచ్చేలా ఆ పుల్లని నేలలో గుచ్చుతారు. నాలుగయిదు చేపలు వరసగా. పైన ఎండుగడ్డి కప్పి అంటిస్తారు. వరిగడ్డే, ఇంకేదీ కాదు. భగ్గున లేచి పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. గడ్డి ఎంత వెయ్యాలన్నది చేతికి తెలియాలి, ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే వెన్నుదగ్గర పచ్చి. మధ్యలో ఇంకో గుప్పెడు వేసి సరిచేద్దామంటే కుదరదు, ఒకే మంటలో అవ్వాలి. బయటికి తీశాక నల్లటి మొద్దులా ఉంటుంది. కత్తి వెన్నుతో ఆ మాడంతా గీకేస్తే పొలుసూ పైతోలూ కలిసి పెచ్చులుగా ఊడిపోతాయి. కింద తెల్లటి కండ, ఆవిరి కక్కుతూ, గడ్డిపొగ వాసనతో. నీళ్ళన్నీ లోపలే ఉండిపోతాయి కాబట్టి ఎండిపోదు. వెన్నుమీద చీల్చి విప్పి అరిటాకులోనో తామరాకులోనో పరిచి, వేడినూనెలో వేసిన ఉల్లికాడలు, దంచిన వేరుశెనగ్గుళ్ళు చల్లుతారు.

పొలం పనుల్లో గిన్నెలు లేక మొదలైన వంట అంటారు ఇక్కడివాళ్ళు. మా నాన్నగారు కోతల రోజుల్లో బోదెలో దొరికిన మట్టగిడసల్ని గడ్డిలో పడేసి, ఉప్పు రాసుకుని తినేవారట. కోత మిషన్లు వచ్చాక మన దగ్గర అది పోయింది. ఇక్కడ దాన్ని పట్టుకుని చుట్టానికి పెట్టే వంటగా నిలబెట్టారు. ఊళ్ళో ఎవరన్నా నవ్వితే ఇది చెప్పండి. టౌనులో హోటళ్ళవాళ్ళు బొగ్గులమీదో ఓవెన్లోనో కాల్చి అదే పేరుతో పెడతారు, అది తింటే మాత్రం నవ్వినవాళ్ళదే ఒప్పు. మంట మీ కళ్ళముందు వేస్తేనే తినండి.

తినే పద్ధతి కూడా ఉంది. కంచంలో పలచటి బియ్యపు రేకు పెట్టుకోవాలి, బాన్ ట్రాంగ్ అంటారు. దాంట్లో పుదీనాలాంటి ఆకులు అయిదారు రకాలు, పచ్చి అరటికాయ పలచటి చక్రాలు, నక్షత్రంలా ఉండే పుల్లకాయ ముక్క, పైన చేప. చుట్టి, చింతపండు కలిపిన నూక్ మామ్‌లో ముంచాలి. పచ్చి అరటికాయ వగరేమిటని తీసేయకండి. కొరమీనుకి ఆ వగరు ఉండాల్సిందే.

ఆ రేకు తయారీ కూడా కోన్ సోన్‌కి వెళ్ళే ముందు చూడండి, కాన్ థో చుట్టుపక్కల ఇళ్ళల్లో చేస్తారు. మరిగే నీళ్ళ కుండకి గుడ్డ బిగించి కట్టి, దానిమీద బియ్యప్పిండి జారు గరిటెతో తిప్పి, మూత పెట్టి ఆవిరిమీద ఉడికిస్తారు. వెదురుపుల్లతో ఎత్తి తడికెల మీద ఎండేస్తారు. ఆత్రేయపురంలో పూతరేకులకి కుండ బోర్లించి, కింద మంట పెట్టి, గుడ్డని పిండిలో ముంచి పైన లాగుతారు కదా. ఇద్దరికీ బియ్యం, కుండ, గుడ్డే. ఒకళ్ళు చేప చుట్టుకున్నారు, ఇంకొకళ్ళు బెల్లం చుట్టుకున్నారు. ఇదంతా ఎందుకంటే, నేను పూతరేకుల సంగతి అక్కడ రేకులు చేసే ఒకావిడకి ఫోన్లో చూపించాను. పొడిగా, కాగితం కన్నా పలచగా, నీళ్ళు తగిలితే మాయమైపోతుందంటే ఆవిడ నమ్మలేదు. మీరొచ్చేటప్పుడు ఒక పెట్టె తీసుకురండి. చేతిసంచిలో పెట్టుకోండి, కింద పెట్టెలో వేస్తే పొడే మిగులుతుంది.

రోజులు ఇలా సర్దుకోండి. హోచిమిన్ సిటీ నుంచి బస్సులో మూడున్నర, నాలుగు గంటలు, నూట డెబ్భై కిలోమీటర్ల దూరం. శుక్రవారం పొద్దున్నే బయల్దేరితే ఆ రాత్రికే కా లిన్ పులుసు. శనివారం తెల్లారి పడవల సంత, మధ్యాహ్నం చై. ఆ సాయంత్రమే చెరువులు చూపిస్తాను, నీసు అక్కర్లేని పని అదొక్కటే. ఆదివారం కోన్ సోన్. చేపని తూకం వేసి అమ్ముతారు, కిలో ఎంతో ముందే కాగితంమీద రాయించుకోండి. రూపాయికి దాదాపు మూడొందల డాంగులు, సున్నాలు చూసి బెదిరిపోవద్దు.


కోటిపల్లి బస్టాండు:

గడ్డిమంట చదివాక హనోయి మాట వెనక్కి తీసుకుంటున్నా. పూర్తిగా కాదు. మామ్ తోమ్ సీసా ఒకటి హోచిమిన్ సిటీలో కూడా దొరుకుతుంది, కొనుక్కుని మూత తియ్యకుండా ఇంటికి తెచ్చుకోండి. వంకాయ పులుసులో చెంచాడు వెయ్యండి.


ఆకివీడు చెరువుగట్టు:

లంకోడు గారూ, ఇంక మాటల్లేవు. కోన్ సోన్‌కి మీరే ఫోన్ చేసి చెప్పి పెట్టండి, ఇద్దరం, ఆదివారం మధ్యాహ్నం. మా బావమరిది ఇది చదివి తనూ ఆగిపోతానంటున్నాడు, అయితే ముగ్గురం. తనకి కొరమీను రెండు చెప్పాలి.

పూతరేకులకి ఆత్రేయపురంలో చెప్తున్నాను. బెల్లం, నెయ్యివా, డ్రైఫ్రూట్‌వా?


రాజోలు లంకోడు:

బెల్లం, నెయ్యి. డ్రైఫ్రూట్ వద్దు, రేకు కనపడదు. ఉత్త రేకులు కూడా ఓ పాతిక, ఏమీ చుట్టనివి, విడిగా కట్టించండి. ఆవిడ చేత్తో పట్టుకుని చూడాలి కదా.